లాగే బండి వేడెక్కితే

గణపతి పండుగ యింకా నెల్లాళ్ళు వుందనగానే మన గల్లీలలో రెండు వెతుకులాటలు మొదలవుతాయి. ఒకటి చందా యిచ్చేవారి కోసం. రెండవది లారీ యిచ్చేవారి కోసం. చందా యిచ్చేవారు సణుగుతూనైనా యిస్తారు. లారీ యిచ్చేవారే దొరకరు. వున్న ఒకరిద్దరూ మన వాళ్ళే, తండ్రి కొన్న బండిని కొడుకు నడుపుకుంటూ వచ్చినవాళ్ళే. దేవుడి పని గనుక కాదనలేరు. వెనుక ట్రాలీ తగిలిస్తారు, ట్రాలీ మీద విగ్రహం, విగ్రహం చుట్టూ పిల్లలు, జనరేటరు, దీపాలు. మర్నాడు పొద్దున లారీ కదలదు. మిస్త్రీ వచ్చి కింద దూరి, "క్లచ్ ప్లేటు పోయింది, గేర్ బాక్సు నూనె మాడిపోయింది" అని చెబుతాడు.

యీ విషయం మీద మాకు యేటేటా ప్రశ్నలు వస్తూనే వున్నాయి. అడిగేవారందరూ చివర ఒకే మాట అంటారు: "బండి పాతదైపోయింది, అందుకే వేడెక్కుతోంది, అమ్మేయమంటారా?" అని. పైగా మన వాళ్ళలో కొందరు భివండీ నుంచి సోలాపురానికీ, అక్కడి నుంచి పైకి సిరిసిల్ల దాకానూ మగ్గాల సామాను యిలాగే వెనుక ట్రాలీ కట్టి తీసుకుపోతారు. వాళ్ళదీ యిదే గోల.

మేము లారీ తోలేవాళ్ళము కాము. కాగితాల మధ్య బతికే గుమాస్తాలము. అయితే బండ్ల మరమ్మతు బిల్లులు యేళ్ళ తరబడి మా బల్ల మీదుగానే పోయాయి. బిల్లు చూసి బండి యెటువంటి రోడ్డు మీద, యెటువంటి చేతి కింద నడిచిందో చెప్పడం కొంత అలవాటయింది. అర్థంకానివి మిస్త్రీల పక్కన కూర్చుని టీ తాగిస్తూ అడిగి తెలుసుకున్నాము. ఆ తెలిసినంత మేరకు చెబుతాము.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. ఇంజనులో పుట్టిన బలం చక్రాలకు చేరే దాకా మధ్యలో వున్న సరంజామా అంతటినీ కలిపి ట్రాన్స్‌మిషన్ అంటారు. మన దేశపు పాత లారీలో దానికి మూడు అంగాలు. ఇంజను పక్కనే క్లచ్, దాని వెనుక గేర్ బాక్సు, అక్కడి నుంచి పొడుగాటి ప్రొపెల్లరు షాఫ్టు పోయి వెనుక యిరుసు మధ్యనున్న పెద్ద గుండులో కలుస్తుంది. డ్రైవరు ముందున్న వేడి ముల్లు ఇంజను నీళ్ళ వేడి మాత్రమే చూపుతుంది. క్లచ్ వేడీ, గేర్ బాక్సు వేడీ అది చూపదు. అంచేత ముల్లు నడుమ నిశ్చింతగా నిలబడి వుండగానే కింద ప్లేటు కాలిపోవడం సాధ్యమే. "ముల్లు సరిగానే వుందే!" అని ఆశ్చర్యపోయేవారికి జవాబు యిదే.

యిక నిమజ్జనం వూరేగింపు సంగతి. పాత టాటా 1210 వంటి లారీ అనుకోండి. 1954లో టెల్కో వారు జర్మనీ దేశపు డైమ్లర్ బెంజ్ వారితో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టిన నాటి వంశంలోదే అది. ఆ అంకెకు అర్థం యించుమించు 12 టన్నుల బరువు, 100 గుర్రాల బలం అని. అటువంటి లారీ మొదటి గేరులో, యాక్సిలరేటరు ముట్టకుండా, దానంతట అది నడిస్తే గంటకు సుమారు 3 కిలోమీటర్లు పోతుంది. అంతకన్నా మెల్లగా పోవడం దాని చేతనైన పని కాదు. మన వూరేగింపు మాత్రం అంతకన్నా చాలా మెల్లగా పోతుంది. డోలు దగ్గర ఆగుతుంది, హారతి పళ్ళెం దగ్గర ఆగుతుంది, ముందున్న మండలి కదలకపోతే గంటసేపు ఆగుతుంది. లారీ మెల్లగా పోలేదు, జనం వేగంగా పోలేరు. యీ రెంటి మధ్య తేడాను డ్రైవరు తన యెడమకాలితో సర్దుతాడు. పెడలు సగం తొక్కి, సగం వదిలి, క్లచ్‌ను జారనిస్తూ బండిని అంగుళం అంగుళం జరుపుతాడు. ఆ జారుడులో పోయిన బలమంతా వేడిగా మారుతుంది. పోవడానికి దానికి వేరే చోటు లేదు.

యెంత వేడి? చిన్న లెక్క కట్టి చూశాము. లారీ, ట్రాలీ, విగ్రహం అన్నీ కలిసి 12 టన్నులు అనుకుందాము. రోడ్డు 20 అడుగులకు ఒక అడుగు లేచే వాలు. ఆ వాలు మీద బ్రేకు వేయకుండా, సగం క్లచ్ మీదనే బండిని నిలబెట్టి వుంచితే సుమారు ఆరున్నర గుర్రాల బలం క్లచ్‌లోనే ఖర్చవుతుంది. అంటే యించుమించు 5 కిలోవాట్లు. యింట్లో వాడే వెయ్యి వాట్ల కరెంటు పొయ్యి తెలుసుగదా, అటువంటివి అయిదు తెచ్చి, మూత పెట్టిన యినుప డబ్బాలో పెట్టి ఒక్కసారి వెలిగించినట్లు. కొద్ది నిమిషాలకే ప్లేటు మీది పూత కమిలిపోవడం మొదలవుతుంది. జుట్టు కాలినట్లు, రబ్బరు కాలినట్లు చేదుగా వచ్చే వాసన అదే. గుగ్గిలం, కర్పూరం పొగలలో ఆ వాసన యెవరూ పట్టించుకోరు.

మరి వాలు యెక్కడుంది, బొంబాయి చదునేగదా అంటారు. మన గల్లీల నుంచి గిర్గావ్ చౌపాటీకి పోవాలంటే పశ్చిమ రైల్వే పట్టాలు దాటక తప్పదు. ఫ్రెరే వంతెనో, కెన్నెడీ వంతెనో, సాండ్‌హర్స్ట్ వంతెనో, యేదో ఒకటి యెక్కి దిగాలి. పట్టాల మీది యీ పాత వంతెనల గురించి పోలీసువారూ, కార్పొరేషను వారూ యేటా హెచ్చరిస్తూనే వుంటారు, వాటి మీద ఆగవద్దు, నాట్యం చేయవద్దు, లౌడ్‌స్పీకర్లు మోగించవద్దు అని. వాళ్ళ బెంగ వంతెన గురించి. డ్రైవరు బెంగ క్లచ్ గురించి. యిద్దరి బెంగకూ మందు ఒకటే, వంతెన కిందనే ఆగి, పైన దారి ఖాళీ అయిందని చూసుకుని, ఒక్క బిగిన దాటిపోవడం. అక్కడే మన కుర్రవాళ్ళు అడ్డం వస్తారు.

"అన్నా, ఆపకే! వెనుక మండలి వాళ్ళు ముందుకు వస్తరు, పోనియ్యి!"

"వాసన వస్తున్నది తమ్మీ. పది నిమిషాలు ఆగనియ్యి."

"దేవుని బండికి వాసనేందే, పోనియ్యి!"

డ్రైవరు పోనిస్తాడు. అంతమంది జనంలో, దేవుడి పేరు చెప్పి అడిగితే కాదనగల డ్రైవరు యెవరు? యిక్కడ అసలు భయం బండి గురించి కూడా కాదు. వంతెన వాలు మీద ప్లేటు పూర్తిగా జారిపోతే ఇంజను అరుస్తూనే వుంటుంది, లారీ మాత్రం వెనక్కు జారుతుంది. వెనుక ట్రాలీ వుంది. ట్రాలీ వెనుక మన ఆడవాళ్ళూ పిల్లలూ నడుస్తున్నారు. అటువంటప్పుడు వేళకు పడే బ్రేకూ, చక్రం కింద వేళకు పెట్టే అడ్డు దిమ్మా తప్ప రక్షణ లేదు. కనుక కమిటీవారు విగ్రహం యెన్ని అడుగులు వుండాలో తీర్మానించే రోజునే యింకొక తీర్మానం కూడా చేయాలని మా ఉద్దేశం. లారీ ఆపడం, కదల్చడం అన్నది డ్రైవరు యిష్టం, యింకెవరూ నోరెత్తరాదు అని.

ఆ తీర్మానం వుంటే మిగతా పని కష్టం కాదు. లారీని జనంతో కలిపి అంగుళం అంగుళం జరపవద్దు. బ్రేకు వేసి, గేరు తీసి, పెడలు మీది కాలు తీసి నిలబడనివ్వాలి. ముందు యాభై అడుగులు ఖాళీ అయ్యేదాకా వుండి, అప్పుడు మొదటి గేరులో కదిలి, క్లచ్ పూర్తిగా వదిలేసి, ఆ యాభై అడుగులూ నడిచి మళ్ళీ ఆగాలి. పెడలు పూర్తిగా వదిలినప్పుడు ప్లేటు జారదు, జారనప్పుడు వేడి పుట్టదు. చెప్పడానికి యింతే. అయితే ఆ యాభై అడుగులు ఖాళీగా వుంచడానికి తాడు పట్టుకున్న నలుగురు గట్టి మనుషులు కావాలి. ట్రాలీ రెండు చక్రాల దగ్గరా అడ్డు దిమ్మలు పట్టుకున్న యిద్దరు కావాలి, వాళ్ళు డోలు వైపు చూడనివారై వుండాలి. లారీకీ ట్రాలీకీ మధ్య కొక్కెం దగ్గర యెవరినీ నిలబడనివ్వరాదు, ఫోటో కోసమైనా సరే.

వాసన వచ్చిందా, వెంటనే ఆపాలి. ఇంజను మాత్రం ఆపవద్దు. గేరు తీసి, పెడలు వదిలి, ఇంజనును నెమ్మదిగా తిరగనివ్వాలి. అప్పుడు క్లచ్ తనతో తాను తిరుగుతూ లోపలి గాలిని కదిలించి కొంత చల్లబడుతుంది. వేడెక్కడానికి కొద్ది నిమిషాలే పట్టినా చల్లబడడానికి పావుగంట, ఒక్కోసారి అరగంట పడుతుంది, మూసిన డబ్బాగదా. మన పిల్లలు ఆత్రంగా బిందెలతో నీళ్ళు తెచ్చి కింద పోస్తారు. అది బొత్తిగా వద్దు. మండుతున్న పోత లోహం మీద చన్నీళ్ళు పడితే చిట్లే ప్రమాదం వుంది. నీళ్ళు లోపలికి పోతే తడిసిన ప్లేటు పట్టు తప్పి యింకా జారుతుంది.

యిక గేర్ బాక్సు. దాని వేడి వేరే రకం. క్లచ్ నిమిషాలలో కాలుతుంది, గేర్ బాక్సు గంటల మీద కాగుతుంది. లోపల పళ్ళ చక్రాలు నూనెలో మునిగి తిరుగుతూ ఆ నూనెను పైకి చిమ్ముకుంటూ వుంటాయి. బరువు లాగేటప్పుడు పంటి మీద పన్ను వత్తిడి యెక్కువై నూనె వేడెక్కుతుంది. వంటింటి సంగతి తెలిసిన అక్కయ్యలకు యిది మేము చెప్పనక్కరలేదు. చల్లని నూనె గరిటెకు చిక్కగా అంటుకుంటుంది, కాగిన నూనె నీళ్ళలా జారిపోతుంది. అలా పలచబడిన నూనె పళ్ళ మధ్య నిలవదు, లోహం లోహాన్ని రాసుకుంటుంది, దానితో యింకా వేడి. బజ్జీలు వేసిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాస్తే నల్లబడి జిడ్డు గడుతుంది చూడండి, గేర్ బాక్సు నూనె కూడా అంతే. పది డిగ్రీల వేడి పెరిగితే నూనె ఆయుర్దాయం యించుమించు సగానికి పడిపోతుందని రసాయన శాస్త్రజ్ఞుల మోటు లెక్క. 80 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేసే నూనె 120 దాటితే త్వరత్వరగా చెడుతుంది.

మా బల్ల మీదికి వచ్చిన బిల్లులలో మాకు విచిత్రంగా తోచినది యేమిటంటే, వేల రూపాయల బేరింగులూ పళ్ళ చక్రాలూ మార్చిన బిల్లులు వున్నాయి గాని, అంతకుముందు యేడాదిలో ఆ బండికి గేర్ బాక్సు నూనె మార్చిన బిల్లు చాలామందికి వుండదు. ఇంజను నూనె అందరూ మారుస్తారు. గేర్ బాక్సుకు కూడా నూనె వుంటుందనీ, అదీ చెడుతుందనీ కారుతున్నప్పుడు మాత్రమే గుర్తువస్తుంది.

నూనె మట్టం చూడడం తేలిక. బండి చదునైన చోట నిలిపి, చల్లారాక, గేర్ బాక్సు పక్కనున్న బిరడా విప్పితే ఆ రంధ్రం అంచు దాకా నూనె వుండాలి. తక్కువైతే చాలదు. యెక్కువైనా మంచిది కాదు, చక్రాలు దాన్ని చిలికి నురుగు చేస్తాయి. నురుగులో గాలే గాని నూనె లేదు. పైన వూపిరి తీసుకునే చిన్న గొట్టం వుంటుంది, దానికి బురద కమ్మితే లోపలి వేడిగాలి పోయే దారిలేక సీళ్ళను తోసుకుని నూనె బయటికి కారుతుంది. సీలు మార్చి మార్చి విసిగినవారు ఒకసారి ఆ గొట్టం శుభ్రం చేసి చూడాలి. అడుగు బిరడా తీసి పాత నూనె వంచినప్పుడు దానికి అంటిన మడ్డి కూడా చూడాలి. బూడిద రంగు మెత్తటి గంధంలా వుంటే మామూలు అరుగుదల. రవ్వలు, పెచ్చులు వుంటే పళ్ళు విరుగుతున్నాయన్నమాట. బంగారు రంగు తళుకు కనబడితే లోపలి యిత్తడి రింగులు అరుగుతున్నాయి.

నూనె కొనేటప్పుడు యింకొక మెలిక వుంది. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని వుంటుంది. 5 అనేది 4 కన్నా పెద్ద అంకె గనుక మంచిదనుకుని కొనేవారు చాలామంది. జీఎల్-5లో గంధకపు మందు పాలు యెక్కువ. వెనుక యిరుసు గుండులోని పళ్ళకు అది మేలు. యిత్తడి రింగులున్న పాత గేర్ బాక్సులో పోస్తే మాత్రం వేడి మీద ఆ మందు యిత్తడిని తినివేయవచ్చు. బండితో వచ్చిన పుస్తకంలో యేది వ్రాసి వుంటే అదే. పుస్తకం పోయినవారు ఒపేరా హౌస్ దగ్గరి స్పేరుపార్టుల దుకాణాలలో బండి నమూనా చెప్పి అడగవచ్చు. చోర్ బజారులో పాత గేర్ బాక్సు చవగ్గా దొరుకుతుంది, నిజమే. అయితే దానిలో యెవరి నూనె, యెన్నేళ్ళ నూనె వుందో అమ్మేవాడికీ తెలియదు.

బొంబాయి వదిలి పైకి పోయేవారికి గేర్ బాక్సు పరీక్ష బోర్ ఘాట్ దగ్గర. ఖోపోలీ నుంచి ఖండాలా చేరేసరికి దాదాపు అయిదువందల మీటర్లు యెక్కుతాము. 1830లో జాన్ మాల్కం దొర గవర్నరుగా వుండగా బండ్లు పోయే రోడ్డు తెరిచారు. 1863లో రైలు వేశారు, ఆ పట్టాల వాలు 37 అడుగులకు ఒక అడుగు. రైలువారు యేం చేశారో మన లారీవారు ఒకసారి గమనించాలి. పట్నం నుంచి లాగుకొచ్చిన ఇంజనుతోనే ఘాట్ యెక్కమని వాళ్ళు అనలేదు. కర్జత్‌లో ఆపి, వెనుక నుంచి నెట్టడానికి వేరే ఇంజన్లు తగిలించి పంపారు. యీనాటికీ చాలా రైళ్ళకు అలాగే చేస్తారు. అంతకుముందు యెద్దుబండ్ల కాలంలోనూ అంతే, యెద్దు నురుగు కక్కిందంటే బండివాడు కాడి దించేవాడు. యెద్దు మొహం కనబడుతుంది, గేర్ బాక్సు మొహం కనబడదు. తేడా అంతే.

అదే ఘాట్‌లో మనవారికి యింకొక జ్ఞాపకం వుండేది. 1830 నాటి రాతి వంతెన మీద అమృతాంజనం ప్రకటన వుండేది గనుక దానికి అమృతాంజన్ వంతెన అనే పేరు పడిపోయింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో యీ బొంబాయిలోనే ఆ మందు మొదలుపెట్టారు. గిర్గావ్‌లో కేశవ్‌జీ నాయక్ చాళ్ళలో సార్వజనిక గణేశోత్సవం మొదలైనదీ ఆ సంవత్సరమే. వంతెనను 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో రోడ్డు ఖాళీగా వున్నప్పుడు కూల్చేశారు. లారీల గురించి మాట్లాడుతూ తలనొప్పి మందులోకి పోయామని అనకండి, ఘాట్‌లో బండి ఆగిపోయినవారికి ఆ సంబంధం తెలుసు.

ఘాట్ యెక్కేటప్పుడు జరిగే పొరపాటు యేమిటంటే పై గేరులోనే ముక్కుతూ మూలుగుతూ పోనిచ్చి, ఇంజను ఆగిపోబోయే క్షణంలో గేరు దించడం. అప్పుడు వాలు మధ్యలో, పూర్తి బరువుతో, క్లచ్ జారనిస్తూ మళ్ళీ కదల్చాలి. దానికి బదులు వాలు మొదలుకాక ముందే కింది గేరుకు దిగి, ఆ గేరులోనే, తొందర లేకుండా, పైదాకా పోవాలి. మెల్లగా పోయినందుకు వెనుకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. యెండ తగ్గాక బయలుదేరితే యింకా మేలు. దిగేటప్పుడు కూడా అదే గేరు. డీజిలు మిగులుతుందని గేరు తీసి జారవిడిచేవారిని చూస్తే మాకు వొళ్ళు మండుతుంది. ఇంజను పట్టు పోయి, వెనుక ట్రాలీ తోసుకువస్తూ, భారమంతా బ్రేకుల మీద పడి అవి కాలి పట్టు వదిలితే, మిగిలిన ఆ డీజిలు యెవరి కోసం?

గేర్ బాక్సును నిందించే ముందు ట్రాలీని కూడా చూడాలి. దాని టైర్లలో గాలి తక్కువున్నా, చక్రపు బేరింగులలో గ్రీజు యెండినా, బ్రేకు పట్టుకుని వున్నా లారీ లేని బరువు కూడా లాగుతుంది. ఖోపోలీలో టీకి ఆగినప్పుడు ట్రాలీ చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూడవచ్చు. చెయ్యి ఆనించి వుంచలేకపోతే 60 డిగ్రీలు దాటినట్లు. నాలుగింటిలో ఒకటే అలా వుంటే తప్పు ఆ చక్రానిదే. గేర్ బాక్సు మీద మాత్రం చెయ్యి పెట్టవద్దు, యెడంగా వుండి రెండు చుక్కలు చిలకరిస్తే చాలు. చుయ్ మని యెగిరిపోతే నూరు దాటిందన్నమాట. చుక్కలు వేరు, పైన చెప్పిన బిందెలు వేరు.

దారిలో బండి ఆగిపోయి, యింకొక లారీ వెనుక కట్టి లాక్కుపోవలసి వస్తే ఒక సంగతి తప్పక గుర్తుంచుకోవాలి, యిది తెలియక మంచి గేర్ బాక్సులు చెడిపోయాయి. ఇంజను తిరగకుండా చక్రాలు మాత్రం తిరుగుతుంటే, గేరు తీసి వున్నా, ప్రొపెల్లరు షాఫ్టు గేర్ బాక్సు వెనుక భాగాన్ని తిప్పుతూనే వుంటుంది. నూనె చిమ్మే కింది షాఫ్టు మాత్రం ఇంజను తిప్పితేగాని తిరగదు. లోపల నూనె అడుగున ప్రశాంతంగా పడుకుని వుంటుంది, పైన బేరింగు యెండిపోతూ తిరుగుతుంది. దూరం లాగవలసి వస్తే ప్రొపెల్లరు షాఫ్టు విప్పి, కట్టి పక్కన పెట్టాలి. అరగంట పని. బండి యెన్ని వేలదైనా ఆ అరగంట కన్నా యెక్కువే.

క్లచ్ మార్చేటప్పుడు మిస్త్రీ కుర్రవాళ్ళు లోపలి దుమ్మును గాలి గొట్టంతో వూదేస్తారు. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ వుండవచ్చు, ఆ దుమ్ము వూపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడిపించండి. ఆ కుర్రవాడు యెవరి బిడ్డో.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలలో పికప్ బండి వెనుక ట్రైలరు కట్టుకుని తిరిగేవారూ వున్నారట. వాళ్ళ బండ్లలో క్లచ్ పెడలు వుండదు, ఆటోమాటిక్. అక్కడ జారుడంతా నూనెలోనే జరుగుతుంది గనుక వేడి సమస్త భారమూ ఆ నూనె మీదనే పడుతుంది. దాన్ని చల్లార్చడానికి రేడియేటరు లోపల ఒక గొట్టం, బరువు లాగేవారికి విడిగా యింకొక కూలరూ వుంటాయి. యెర్రగా వుండవలసిన ఆ నూనె గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వేస్తే పని మించిపోయినట్లే. ట్రైలరు లాగేటప్పుడు పైగేరు ఓవర్‌డ్రైవును వాడక, బండిలో టో-హాల్ మీట వుంటే అది వేసుకోమని వాళ్ళ పెద్దలు వుత్తరంలో ఒక ముక్క వ్రాస్తే మంచిది. చెప్పామని మా పేరు వ్రాయనక్కరలేదు.

మొదటి ప్రశ్నకు వద్దాము. బండి పాతదైనందుకేనా? కొంత నిజమే. అరిగిన ప్లేటు త్వరగా జారుతుంది, వదులైన సీళ్ళు నూనె కారుస్తాయి. యెనిమిదేళ్ళు దాటిన లారీకి యేటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోమన్న నిబంధన వూరికే పెట్టలేదు. అయితే ఆ సర్టిఫికెట్ బండి రోడ్డు మీద పోవచ్చునని చెబుతుంది, వెనుక విగ్రహం కట్టుకుని ఆరుగంటలు అంగుళం అంగుళం పాకవచ్చునని చెప్పదు. షోరూములోంచి నిన్ననే వచ్చిన లారీని అలా పాకించినా కాలుతుంది. మంచి నూనె, సరిగ్గా బిగించిన క్లచ్, పెడలు మీద కాలు ఆనించి తోలే అలవాటు లేని డ్రైవరు, యీ మూడూ వుంటే పాత లారీ వంతెన దాటుతుంది. కనుక అమ్మవద్దనే మేము చెబుతాము. పాత బండి అమ్మితే వచ్చేది యినుము ధర. మన వాళ్ళలో ఆ బండి మీద బతికేది ఒక్క మనిషి కాదు, ఖోలీలో వున్న ఆరుగురు.

యిక్కడ ఒక యిబ్బంది సంగతి కూడా వ్రాయక తప్పదు. లారీని దేవుడి పేర వూరికే యిచ్చినవాడికి మర్నాడు కమిటీవారు శాలువా కప్పుతారు, కొబ్బరికాయ యిస్తారు. క్లచ్ ప్లేటు ఖర్చు మాత్రం అతనిదే. మరమ్మతుకు పోయిన నాలుగు రోజుల బాడుగ కూడా అతనిదే. అతను నోరు తెరిచి అడగడు, మొహమాటం. వచ్చే యేడు మాత్రం ఆ నాలుగు రోజులూ వూరికి పోయానని చెబుతాడు, కమిటీవారు "వాడికి భక్తి తగ్గింది" అంటారు. మండపం ఖర్చు, దీపాల ఖర్చు, డోలు ఖర్చు అని వ్రాసే జమాఖర్చు పుస్తకంలో "లారీ మరమ్మతు" అని ఒక గీత గీసి, ముందుగానే కొంత సొమ్ము పక్కన పెట్టవచ్చు. క్లచ్ బాగానే వుంటే ఆ సొమ్ముతో గేర్ బాక్సు నూనె మార్పించి బండి తిరిగి యివ్వవచ్చు. చందా పుస్తకాలు యింకా అచ్చుకు పోలేదుగదా, ఆ గీతకు యిప్పుడే చోటు వుంది.